స్కైరిమ్ కన్సోల్ ఆదేశాలు

బెథెస్డా గేమ్ స్టూడియోస్ రూపొందించగా 2011 నవంబరు 11న విడుదలైన కాల్పనిక రోల్ ప్లేయింగ్ గేమ్ స్కైరిమ్‌లో, పాత్ర లక్షణాలనూ ఆటలోని వస్తువులనూ నేరుగా మార్చేందుకు టైపు చేసే సూచనలను కన్సోల్ ఆదేశాలు అంటారు. ఇవి కంప్యూటర్ వెర్షన్‌కే పరిమితం. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ వెర్షన్లలో లేవు.

ఇలాంటి ఆదేశాలను టైపు చేసే కన్సోల్ అనే పెట్టె 1996లో ఐడీ సాఫ్ట్‌వేర్ తెచ్చిన క్వేక్ ఆటతో బాగా తెలిసింది. స్కైరిమ్ చెందిన ఎల్డర్ స్క్రోల్స్ వరుసలో 2002 నాటి మారోవిండ్‌లోనూ ఇది ఉంది. ఈ ఆదేశాలు తయారీదారులు ఆటను పరీక్షించుకునే పనిముట్లు కూడా. అందుకే సరదాకే కాదు, మధ్యలో ఆగిపోయిన క్వెస్టును ముందుకు నెట్టడానికీ అక్కరకొస్తాయి.

అమెరికన్ కీబోర్డులో టిల్డె మీట నొక్కితే ఆట ఆగి కన్సోల్ తెరుచుకుంటుంది. ‘ప్లేయర్.సెట్‌ఏవీ’ తర్వాత లక్షణం పేరు, అంకె ఇస్తే ఆ విలువ మారుతుంది: మొదట 300గా ఉండే మోత సామర్థ్యాన్ని వేలకు పెంచవచ్చు. అయితే 18 నైపుణ్యాల్లో దేన్నైనా ఈ దారిలో 100కు చేర్చినా పాత్ర స్థాయి పెరగదు. అందుకు ‘అడ్వ్‌స్కిల్’ వాడాలి. ‘టీజీఎం’ దెబ్బ తగలని స్థితినిస్తుంది.

‘షోరేస్‌మెనూ’ ముఖకవళికలనూ జాతినీ మార్చే తెరను తెరుస్తుంది. చిక్కంతా దీనితోనే: జాతి మారిస్తే సంపాదించిన నైపుణ్యాలు ఆరంభ విలువలకు పడిపోవచ్చు కాబట్టి ముందే ఆటను సేవ్ చేస్తారు.