టేపు మీంచి దిగిన బొమ్మలు: స్పెక్ట్రమ్ లోడింగ్ తెరల్లో చిత్రకారుడి పాలెంత?

1980ల బ్రిటన్‌లో ఇంటి కంప్యూటర్ మీద ఆట ఆడాలంటే టేప్‌రికార్డర్‌లో క్యాసెట్ పెట్టి నాలుగైదు నిమిషాలు కాచుకోవాలి. ఆ వ్యవధిలో తెర మీద నిలిచే బొమ్మే లోడింగ్ స్క్రీన్. 1982 ఏప్రిల్‌లో సింక్లెయిర్ రిసెర్చ్ విడుదల చేసిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ మీద ఈ బొమ్మ ఒక్కసారిగా రాదు. సన్నటి అడ్డగీతలు నడుమ ఖాళీలు వదిలి మొదలవుతాయి, ఆ ఖాళీలు క్రమంగా పూడుతాయి. సాధారణంగా అంతా ఒకే రంగులో పేరుకున్నాక, చివరి నాలుగైదు సెకన్లలో పైనుంచి కిందికి అసలు రంగులు దిగుతాయి. చూసేవారిలో ఆసక్తి పెంచడానికే చిత్రకారులు బొమ్మను ఇలా కూర్చారన్న మాట వినబడుతుంటుంది. దానికి ఆధారం ఎంత బలమైనదో చూడాలి.

ముందు లెక్కలు. స్పెక్ట్రమ్ తెర 256 పిక్సెళ్ల వెడల్పు, 192 పిక్సెళ్ల ఎత్తు. పిక్సెళ్లకు 6144 బైట్లు, రంగులకు 768 బైట్లు, కలిపి 6912. ఇవి మెమరీలో 16384వ చిరునామా నుంచి వరుసగా ఉంటాయి. టేపు నుంచి వచ్చే బైట్లు అదే వరుసలో చేరుతాయి కాబట్టి రంగులు చివర రావడంలో ఎవరి ఎంపికా లేదు. గీతల సంగతీ అంతే. మెమరీ వరుస తెరను మూడు భాగాలు చేస్తుంది. ఒక్కో భాగంలో ఎనిమిది అక్షర వరుసలుంటాయి. ముందు ఆ ఎనిమిదింటి మొదటి గీతలు, తర్వాత రెండో గీతలు, ఇలా ఎనిమిదో గీత వరకు నిండాకే తర్వాతి భాగం మొదలవుతుంది.

మెమరీ ఇంత వంకరగా ఎందుకుంది? హార్డ్‌వేర్ రూపకల్పన రిచర్డ్ ఆల్ట్‌వాసర్‌ది. ఈ అమరికలో ఒక పిక్సెల్ బైటు చిరునామాకూ, దాని రంగు బైటు చిరునామాకూ చివరి ఎనిమిది బిట్లు ఒకటే. అందువల్ల వీడియో చిప్పు ఆ రెంటినీ మెమరీ నుంచి వెంటవెంటనే, తక్కువ సమయంలో చదువుకోగలదు. అక్షరం అచ్చువేసేటప్పుడు ఒక గీత నుంచి కింది గీతకు దిగడానికి ప్రాసెసర్‌కు ఒకే చిన్న సూచన చాలు. అంటే తెర నిండే తీరు ఖర్చు తగ్గించే ఇంజినీరింగ్ లెక్కలోంచి వచ్చింది. కంప్యూటర్ సొంత రోమ్ (ROM) రొటీన్‌తో, అంటే ‘లోడ్’ ఆదేశానికి ‘స్క్రీన్$’ జతచేసి ఎక్కించిన బొమ్మ విషయంలో, ఆ క్రమాన్ని చిత్రకారుడి ఉద్దేశానికి సాక్ష్యంగా చూపలేం. ఎంత అనాసక్తంగా గీసిన బొమ్మైనా ఆ క్రమంలోనే దిగుతుంది.

అప్పట్లో దీనికి పోటీదారైన కమడోర్ 64తో పోల్చితే విషయం ఇంకా తేటపడుతుంది. దాని సొంత టేపు రొటీన్ లోడింగ్ జరుగుతున్నంతసేపూ తెరను ఆర్పేస్తుంది. వీడియో చిప్పు నడుమ నడుమ ప్రాసెసర్‌ను ఆపడం టేపు సమయపాలనకు అడ్డు కావడమే కారణం. బొమ్మ చూపాలంటే ఎవరో ఒకరు పనిగట్టుకుని వేరే లోడర్ రాయాలి. కాబట్టి కమడోర్ మీద లోడింగ్ బొమ్మ ఉందంటే దాని వెనుక ఒక ప్రోగ్రామర్ నిర్ణయం ఉంది. స్పెక్ట్రమ్ మీద అది దాదాపు ఉచితం. ఆట మొదలయ్యాక ఎలాగూ చెరిగిపోయే తెర మెమరీలోకే బొమ్మ వస్తుంది కనుక, దానికి అయ్యే ఖర్చు టేపు మీది సమయం మాత్రమే.

ఆ సమయమెంతో లెక్కకట్టవచ్చు. 3.5 మెగాహెర్ట్జ్ గడియారం మీద సున్నా బిట్టుకు 1710 టిక్కులు, ఒకటి బిట్టుకు సరిగ్గా దానికి రెట్టింపు, 3420. అన్నీ సున్నాలైతే 6912 బైట్లు 27 సెకన్లలో వస్తాయి. అన్నీ ఒకట్లైతే 54 సెకన్లు. సగం సగమనుకుంటే 40. ఆ తర్వాత 48కె యంత్రంలో మిగిలిన 42,240 బైట్లూ నింపాలంటే అదే వేగంతో నాలుగు నిమిషాలు దాటుతుంది. బొమ్మను ముందుంచితే ఆ నాలుగు నిమిషాలకూ చూడ్డానికి ఏదో ఒకటుంటుంది. ఇంకో ఉపయోగమూ ఉంది. టేప్‌రికార్డర్ శబ్దం సరిపడక బిట్లు తప్పుతుంటే బొమ్మ చెదిరినట్టు కంటికి కనబడుతుంది, ఆటంతా ఎక్కేదాకా ఆగకుండా టేపు వెనక్కి తిప్పుకోవచ్చు. బొమ్మను ముందు పెట్టింది ఈ ప్రయోజనం కోసమేనని మాత్రం దీన్నిబట్టి తేల్చలేం.

పై లెక్కలో ఒక తమాషా దాగుంది. నల్లటి నేపథ్యాన్ని రెండు విధాలుగా తేవచ్చు. పేపర్ రంగు (సున్నా పిక్సెళ్లకు వచ్చేది) నలుపు చేసి పిక్సెళ్లను సున్నాలుగా వదిలేయొచ్చు, లేదా ఇంక్ రంగు (ఒకటి పిక్సెళ్లకు వచ్చేది) నలుపు చేసి పిక్సెళ్లన్నీ ఒకట్లు చేయొచ్చు. కంటికి రెండూ ఒకటే. టేపు మీద మాత్రం మొదటిది రెండోదాని కంటే చాలా త్వరగా వస్తుంది. చిత్రకారులకు ఈ సంగతి తెలిసి నలుపును పేపర్‌గా ఎంచుకున్నారా? నాకు సందేహమే. ఖాళీ కాగితం మీద గీసే అలవాటే అందుకు సరిపోయిన వివరణ.

మరి చిత్రకారుడి చెయ్యి ఎక్కడ కనబడుతుంది? గడుల్లో. తెరను 8×8 పిక్సెళ్ల గడులుగా విడగొడితే 768 వస్తాయి. ఒక్కో గడిలో ఒక ఇంక్, ఒక పేపర్, అంతే. ప్రకాశం కూడా ఆ రెంటికీ ఉమ్మడి, ఒకటి వెలుగుగా, ఇంకొకటి మసకగా ఉంచే వీల్లేదు. మొత్తం రంగులు ఎనిమిది, వెలుగు తేడాతో పదిహేను. ఆటలో పాత్రలు కదులుతాయి కనుక పక్క గడి రంగును పూసుకోక తప్పదు. కదలని బొమ్మలో ఆ చిక్కును తప్పించుకోవచ్చు: భుజం అంచునో కత్తి మొననో గడి గీతకు సరిపోయేలా జరపాలి, లేదా రెండు రంగులు కలిసే చోట నల్లటి నీడ వేయాలి. 1985లో వచ్చిన ఆర్ట్ స్టూడియో వంటి ప్రోగ్రాములతో ఇలాంటి సవరణలు పిక్సెల్ పిక్సెల్‌గా చేయడం కుదిరింది. ఒక రూపాన్ని గడి అంచు దాకా నెట్టిన ఆనవాలు యాదృచ్ఛికంగా పదే పదే రాదు. ఉద్దేశానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం ఆ బొమ్మల్లో ఇంకోటి నాకు తట్టదు.

హార్డ్‌వేర్‌ను వాడుకున్న తెలివికి మంచి ఉదాహరణ 1983లో మాథ్యూ స్మిత్ రాసిన ‘మానిక్ మైనర్’. దాని తెర మీద ‘మానిక్’, ‘మైనర్’ అనే రెండు మాటలు ఒకే చోట మార్చి మార్చి కనబడతాయి. యానిమేషన్ ప్రోగ్రామేదీ లేదు. ప్రతి రంగు బైటులోనూ ఫ్లాష్ అనే బిట్టుంది. అది ఒకటైతే సెకనులో మూడో వంతుకోసారి ఇంక్, పేపర్ వాటంతటవే తారుమారవుతాయి. రెండు మాటలకూ చెందిన గడులను ఈ బిట్టుతో కూర్చారు. ఇలాంటి పనికి పిక్సెళ్లే అక్కర్లేదు. తెరలో మూడో వంతుకు 256 రంగు బైట్లు చాలు, టేపు మీద అవి ఒకటిన్నర సెకను.

క్రమాన్నీ కాలాన్నీ నిజంగా రూపొందించిన సందర్భాలున్నాయి, అవి రోమ్ రొటీన్‌ను పక్కనపెట్టిన టేపుల్లో దొరుకుతాయి. హ్యూసన్ సంస్థ 1984లో ప్రచురించిన ‘టెక్నీషియన్ టెడ్’ లోడవుతుండగానే తెర మీద బొమ్మలు కదులుతాయి, మిగిలిన సమయం అంకెల్లో తగ్గుతూ కనబడుతుంది. టేపు పల్సుల మధ్య దొరికే కొద్దిపాటి వ్యవధిలో ఆ పని చేయించాలంటే లోడర్‌ను సొంతంగా రాయాల్సిందే. ఇక్కడ ఉద్దేశాన్ని ఊహించనక్కర్లేదు, కోడ్‌లోనే ఉంది.

కాబట్టి ఏ తెర గురించి మాట్లాడినా ముందు పాత టేపులను ఈనాటి కంప్యూటర్లలో భద్రపరచే ఫైళ్లలో ఏది చూస్తున్నామో అడగాలి. 48కె యంత్రపు ఎస్‌ఎన్‌ఏ ఫైలు 49,179 బైట్లు: 27 బైట్ల రిజిస్టర్లు, మిగతాది మెమరీ మొత్తం. అది ఆట మొదలయ్యాక భద్రపరచిందైతే లోడింగ్ బొమ్మ అప్పటికే చెరిగిపోయి ఉంటుంది. 6912 బైట్ల ఎస్‌సీఆర్ ఫైలులో బొమ్మ ఉంటుంది, అది ఎలా దిగిందన్నది ఉండదు. టీఏపీ ఫైలు మామూలు టేపు బ్లాకుల్ని వరుసగా దాస్తుంది. సొంత లోడర్ల పల్సుల నిడివితో సహా నిలిచేది టీజెడ్‌ఎక్స్ ఫైలులో. ‘టెక్నీషియన్ టెడ్’ను పరిశీలించదలిస్తే మొదట వెతకాల్సింది అదే.