డిస్కులో తలంబ్రాలు

మన సినిమా రెండున్నర గంటలు. వీసీడీ మీద పట్టేది 74 నిమిషాలు. అందుకే ఫైటింగు మధ్యలో లేచి వెళ్ళి రెండో డిస్కు పెట్టే భాగ్యం మా తరానికి దక్కింది. ఇంతకీ ఈ 74 నిమిషాల లెక్క ఎక్కడిదంటారూ? పాటల సీడీది. 1982లో సోనీ, ఫిలిప్స్ కంపెనీలు పాటల కోసం అమ్మకానికి తెచ్చిన డిస్కు అది. 1993లో ఆ రెండూ, మాత్సుషితా, జేవీసీ కలిసి అదే డిస్కు మీద, అదే వేగంతో, సినిమా చూపించాలని పంతం పట్టాయి. శబ్దానికి పోగా బొమ్మకి మిగిలింది సెకనుకి పదకొండున్నర లక్షల బిట్లు. బిట్టు అంటే మరేం లేదు, ఒకటో సున్నానో. లక్షలనగానే ఘనంగా వినిపిస్తుంది గానీ, సెకనుకి పాతిక బొమ్మలు పంచుకుంటే ఒక్కోదానికి 46,000 దక్కుతాయి. టీవీ బొమ్మ నిండుగా ఉంటే అందులో నాలుగు లక్షల పైచిలుకు చుక్కలు! అంటే తొమ్మిది చుక్కలకి ఒక బిట్టు.

అప్పుడు వాళ్ళేం చేశారంటే, విస్తరి చిన్నది చేశారు. 352 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తు. నిండు బొమ్మలో పావు వంతు. ఇప్పుడు రెండు చుక్కలకి ఒక బిట్టు చొప్పున వచ్చింది. బొమ్మ మసకగా ఉంటేనేం, చెదరకుండా నిలబడింది. విస్తరి పెద్దదైనంత మాత్రాన అన్నం పెరగదన్న సంగతి ఏ వంటామెనడిగినా చెబుతుంది. ఆ ఇంజనీర్లు దాన్ని లెక్క కట్టి తెలుసుకున్నారు.

అంత తక్కువలో బొమ్మ ఇమడడానికి మూలం మనకి దగ్గరి కథే. బెంగుళూరులో పుట్టిన నసీర్ అహ్మద్ గారు అమెరికాలో కాన్సాస్‌లో ఉండగా, 1972లో ఒక ఆలోచనతో ప్రభుత్వ సైన్సు సంస్థని పరిశోధనకి డబ్బడిగారు. మరీ తేలిక విషయమని పెదవి విరిచి, ఇవ్వలేదు. ఆయన మానలేదు. తన విద్యార్థి నటరాజన్‌నీ, టెక్సాస్‌లో ప్రొఫెసరుగా ఉన్న కె. ఆర్. రావు గారినీ కలుపుకుని 1974 జనవరిలో ఓ చిన్న వ్యాసం అచ్చు వేయించారు. రావు గారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. పేరు వింటేనే మనవాడనిపించడం లేదూ!

బి.ఏ. చదివిన నాకు అర్థమైనంత వరకూ సంగతిది: బొమ్మని ఎనిమిది చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు ఉన్న గళ్ళుగా కోసి, ఒక్కో గడినీ ముతక అలలూ సన్నని అలలూ కలిసిన మిశ్రమంగా రాస్తారు. కంటికి ఆనని సన్నవాటిని పారేస్తారు. మరీ ఎక్కువ పారేస్తే గళ్ళే పైకి తేలి, మనుషులు గళ్ళ లుంగీ కప్పుకున్నట్టు కనిపిస్తారు. ఇంకో పొదుపు కూడా ఉంది. కదలని గోడని మళ్ళీ మళ్ళీ రాయరు, కదిలినదాన్నే రాస్తారు.

ఈ పొదుపులన్నిటికీ పరమ శత్రువు ఏదో చెప్పనా? తలంబ్రాలు. ఒక్కో గింజ ఒక్కో దారి పడుతుంది మరి!

1996లో జపానులో డీవీడీ వచ్చింది. ఖాళీ డిస్కులో 4.7 గిగాబైట్లు. రెండు గంటల సినిమా హాయిగా పడుతుంది. కానీ మన పెళ్ళిళ్ళు రెండు గంటల్లో అవుతాయా? 1994 నాటి మా అక్కయ్య పెళ్ళి క్యాసెట్టు నాలుగు గంటలు. 2006లో ఒక స్టూడియోలో ఇస్తే నాలుగు గంటలూ ఒకే డిస్కులో కుక్కి, ‘ఫుల్ సైజండీ’ అని గర్వంగా చేతిలో పెట్టారు. ఫుల్ సైజే. కానీ ముతకదని మనం వెక్కిరించే వీసీడీలో ఒక్కో చుక్కకి దొరికిన దాంట్లో ఇక్కడ సగమే దొరికింది. తలంబ్రాల దగ్గరికొచ్చేసరికి పెళ్ళికొడుకుతో సహా పందిరంతా ముక్కలైపోయింది.

విడ్డూరమేమిటంటే, ఆ పెద్ద సైజు అసలు దండగ. వీహెచ్ఎస్ క్యాసెట్టు అడ్డంగా చూపగలిగే వివరమే సుమారు 240 గీతలు. దానికి 720 చుక్కల విస్తరి ఎందుకు? 352 చాలు. డీవీడీ నిబంధనలే దానికి ఒప్పుకుంటాయి. ఇంజనీరింగు చదువుతున్న మా పిన్ని కొడుకు కొన్నేళ్ళ తర్వాత అలాగే వెడల్పు సగం చేసి మళ్ళీ ఎక్కించాడు. డిస్కు అదే రకం, బిట్లు అన్నే. గింజలు గింజల్లా రాలాయి. బావగారి నుదుటి మీద చెమట కూడా కనిపించింది!

అయితే అప్పటికే క్యాసెట్టు చివరి గంటకి బూజు పట్టేసింది. అప్పగింతలు ఆ గంటలోనే ఉన్నాయి. అవి మాకు మొదటి డిస్కులోనే మిగిలాయి. అందులో మా నాయనమ్మ స్తంభం పక్కన నిలబడి పమిట చెంగుతో కళ్ళొత్తుకుంటుంది. 1998లో పోయింది. ఆవిడ కదులుతూ కనిపించే బొమ్మ మాకు మరొకటి లేదు. మొహం నిండా గళ్ళే. నడక మాత్రం ఆవిడదే.

తర్వాత 2003లో ఒకటి, 2013లో ఒకటి కొత్త పద్ధతులొచ్చాయి. ముందుదానిలో సగం బిట్లతోనే అంత బొమ్మా చూపిస్తాయి. కానీ అవి కొత్తగా తీసే పెళ్ళిళ్ళకి. పారేసిన అలలు పారేసినవే. ఈమధ్య గళ్ళు చెరిపి మొహాలు తేటపరిచే కంప్యూటరు ప్రోగ్రాములు కూడా వచ్చాయి. మా తమ్ముడు ఉత్సాహంగా అప్పగింతల ముక్క దానికిచ్చి చేయించుకొచ్చాడు. కళ్ళూ ముక్కూ చక్కగా, తీర్చిదిద్దినట్టు వచ్చాయి. అమ్మ దగ్గరగా వంగి చూసి, “ఎవర్రా ఈవిడ?” అంది.