వలస పిల్లల చదువు: సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల

బతుకుదెరువు కోసం రాష్ట్రం దాటిన కుటుంబాల పిల్లలను, తెలియని భాషలో నడిచే బడిలో నిలబెట్టి చదివించడం బోధనలో ఒక ప్రత్యేక విభాగం. పూర్వ కరీంనగర్ జిల్లాకు ఈ సమస్య రెండు వైపుల నుంచీ తెలుసు.

సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల పద్మశాలీలు తరతరాలుగా భీవండి, షోలాపూర్, ముంబై, సూరత్‌లకు మగ్గం పనికి వెళ్లారు. ముంబై నగరపాలక సంస్థ బడులు నడిపే ఎనిమిది మాధ్యమాల్లో తెలుగు ఒకటి. పరాయి నగరంలో మన పిల్లలకు దక్కిన ఆ గౌరవం, ఇక్కడికి వచ్చే పిల్లలకూ దక్కాలి. ఇప్పుడు సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) మీద ఉత్తరాది కార్మికులూ పనిచేస్తున్నారు. భీవండి నుంచి తిరిగొచ్చిన ఇళ్లలో మరాఠీ, హిందీ బడుల్లో చదివిన పిల్లలుంటారు. జగిత్యాల, కోరుట్లల్లో ఉర్దూ, తండాల్లో లంబాడీ ఇంటి భాషలు.

కొత్తగా చేరిన పిల్లవాడికి ఏమీ రాదనుకోవడమే అన్నిటికన్నా పెద్ద పొరపాటు. దేవనాగరి గానీ ఒడియా గానీ చదవగలిగితే అ ఆ ఇ ఈ వరస, గుణింతం, ఒత్తుల పద్ధతి అతనికి ముందే తెలుసు. మారింది లిపి మాత్రమే. మరాఠీ పిల్లలకు 'ళ' కూడా కొత్త కాదు. అసలు చిక్కు ఎ–ఏ, ఒ–ఓ తేడాల దగ్గర. హిందీ, ఒడియాల్లో ఈ హ్రస్వాలకు వేరే అక్షరాలు లేవు. అందుకే 'మెడ', 'మేడ' ఒకటిగా వినిపిస్తాయి. ఆ తప్పును అశ్రద్ధగా లెక్కగట్టకుండా, ఇలాంటి జంట పదాలను పలికించి, వినిపించి సాధన చేయించాలి. ఎక్కాలు, లెక్కలు మొదట ఇంటి భాషలో చెప్పనివ్వాలి. 2022–23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడులన్నిటిలో ఇంగ్లిష్ మీడియం మొదలవడంతో ఈ పిల్లల మీద ఒకేసారి రెండు కొత్త భాషల బరువు పడింది.

పెద్దపల్లి చుట్టుపక్కల ఇటుక బట్టీల పరిస్థితి వేరు. బలంగీర్, నువాపడా వంటి జిల్లాల నుంచి వచ్చే ఒడియా కుటుంబాలు ఎండాకాలం చివర తిరిగి వెళ్లిపోతాయి. అక్కడ బట్టీల దగ్గరే బడులు పెట్టి, ఒడిశా పాఠ్యపుస్తకాలతో, ఒడియా బోధకులతో చదివించారు. ఇదే సరైన దారి. సొంతూరి బడిలో వదిలిన పాఠాన్ని పిల్లలు మళ్లీ అందుకోగలరు. సిరిసిల్లలో స్థిరపడే కుటుంబాల పిల్లలకు మాత్రం తెలుగు తప్పదు. 2018 నాటి తెలంగాణ చట్టం పదో తరగతి దాకా తెలుగును తప్పనిసరి చేసింది.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకొని, వెనుకబడినవారికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందనో, జనన ధ్రువపత్రం లేదనో, గడువు దాటిందనో ఏ బడీ ప్రవేశం నిరాకరించకూడదు.