అమెరికాలో మరణ కారణాలు: జాతి, లింగ భేదాలు

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో ఏటా ఎక్కువమందిని బలిగొనేవి గుండె జబ్బులు, ఆ తర్వాత క్యాన్సర్. దేశం మొత్తం మీద చూస్తే ఆడవారిలోనూ మగవారిలోనూ ఇదే వరుస. జాతినీ వయసునూ విడదీసి చూసినప్పుడే పట్టిక తారుమారవుతుంది. 15–34 ఏళ్ల నల్లజాతి పురుషుల్లో మొదటి స్థానం హత్యలది. అక్కడి మూలవాసుల్లో కాలేయ వ్యాధులు బాగా పైకి వస్తాయి. ఆత్మహత్య చేసుకున్న ప్రతి ఐదుగురిలో దాదాపు నలుగురు మగవారే. అల్జీమర్స్ రోగుల్లో సుమారు మూడింట రెండు వంతులు ఆడవారు. వారు ఎక్కువ కాలం బతకడం అందుకు ఒక కారణం.

జాతుల మధ్య ఉన్న ఈ అంతరాన్ని ప్రభుత్వం సమగ్రంగా లెక్కగట్టింది 1985లో. నాటి ఆరోగ్య మంత్రి మార్గరెట్ హెక్లర్ పేరుతో వాడుకలో ఉన్న ఆ నివేదిక, మైనారిటీల్లో ఏటా సుమారు 60,000 అదనపు మరణాలు జరుగుతున్నాయని తేల్చింది. శ్వేతజాతీయుల మరణ రేటే వీరికీ ఉంటే జరగకపోయే చావులవి. దీన్ని రక్తంలోని తేడాగా చదవడం పొరపాటు. రొమ్ము క్యాన్సర్ నల్లజాతి స్త్రీలకు శ్వేతజాతి స్త్రీల కంటే కాస్త తక్కువగానే వస్తుంది, కానీ దానివల్ల మరణించే రేటు వారిలో దాదాపు 40 శాతం ఎక్కువ. మొండి రకం కణితులు వారిలో ఎక్కువన్నది నిజమే. జబ్బు ఆలస్యంగా బయటపడటం, బీమా లేకపోవడం, చికిత్స సకాలంలో అందకపోవడం కూడా అంతే నిజం. మరోవైపు, లాటిన్ అమెరికా మూలాలున్న హిస్పానిక్‌లు సగటున శ్వేతజాతీయుల కంటే పేదవారైనా ఎక్కువ కాలం బతుకుతున్నారు.

లెక్కల్లోనూ ఒక చిక్కుంది. మరణ ధ్రువీకరణ పత్రంలో కారణం రాసేది వైద్యుడో, మరణ విచారణ అధికారో. జాతి గడి నింపేది మాత్రం సాధారణంగా అంత్యక్రియల నిర్వాహకుడు. బంధువులను అడిగి రాయాలి. అడగకుండా ముఖం చూసి రాస్తే, బతికినన్నాళ్లూ మూలవాసిగా ఉన్న మనిషి కాగితం మీద శ్వేతజాతీయుడైపోతాడు. మూలవాసుల మరణ రేటు అసలు కంటే తక్కువగా కనిపించడానికి ఇదే ముఖ్య కారణం.

'ఆసియన్లు' అనే గడిదీ ఇలాంటి తంటాయే. చైనా, వియత్నాం సంతతివారిలో క్యాన్సర్ ముందుంటే, భారత సంతతివారిలో గుండె జబ్బులు ముందున్నాయి. అందరినీ ఒకే గాటన కడితే రెండోది మరుగున పడుతుంది. అందుకే దక్షిణాసియా వారి గుండె ఆరోగ్యంపై 2010లో షికాగో, శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతాల్లో వేరుగా ఒక అధ్యయనం మొదలైంది. దాని పొడి అక్షరాలు కలిపితే వచ్చే పేరు 'మసాలా'.