మైనం నుంచి బొటాక్స్ దాకా

ముఖంలోకి సూది దించి వయసును దాచే ప్రయత్నం బొటాక్స్‌తో మొదలైంది కాదు. 1899లో వియన్నా శస్త్రవైద్యుడు రాబర్ట్ గెర్సునీ పారఫిన్ మైనాన్ని శరీరంలోకి ఎక్కించి చూశాడు. కొద్దికాలానికే అది ముడతలకూ చప్పిడి ముక్కులకూ మందైపోయింది. పెట్టినచోట ఉంటేగా! జారేది, గడ్డలు కట్టేది. పేరుమోసిన అందగత్తె, తర్వాత మార్ల్‌బరో డచెస్ అయిన గ్లాడిస్ డీకన్ ముక్కుకు ఎక్కించుకున్న మైనం గడ్డం దాకా దిగింది. ద్రవ సిలికాన్ కూడా ఆ దారే పట్టింది. 1981లో అమెరికా అనుమతి పొందిన ఆవు కొల్లాజెన్‌తో కాస్త జాగ్రత్త వచ్చింది. అలర్జీ ఉందేమో ముందు ముంజేతి మీద పరీక్షించేవారు.

వీళ్లంతా చర్మాన్ని చూశారు, కండరాన్ని మరిచారు. మనసారా నవ్వితే పెదవులతోపాటు కంటి చుట్టూ ఉన్న కండరం కూడా ముడుచుకుంటుందని ఫ్రాన్స్‌లో డ్యుషేన్ అనే వైద్యుడు 1862లోనే ఫొటోలతో సహా చూపించాడు. కనుబొమ్మలకే ఏడు కదలికలు చెప్పిన నాట్యశాస్త్రం ఉన్న దేశానికి ఇది పెద్ద వింతేమీ కాదు.

పాడైన సాసేజ్‌లలోని విషాన్ని కొద్ది మోతాదులో మందుగా వాడొచ్చని జర్మన్ కవి, వైద్యుడు కెర్నర్ 1822లోనే ఊహించాడు. కండరాన్ని సడలించే ఆ విషంతోనే, అంటే తర్వాత బొటాక్స్‌గా పేరుపడిన దానితో, శాన్‌ఫ్రాన్సిస్కోలో కంటివైద్యుడు ఆలన్ స్కాట్ మెల్లకన్ను సరిచేశాడు. 1987లో వాంకూవర్ కంటివైద్యురాలు జీన్ కరుథర్స్ దగ్గరికి రెప్పలు బిగుసుకుపోయే జబ్బుతో వస్తున్న ఒకామె, ఈసారి కనుబొమ్మల మధ్య సూది వేయలేదేమని నిష్ఠూరమాడింది. అక్కడ వేస్తే ముఖం ప్రశాంతంగా ఉంటోందట! జీన్, చర్మవైద్యుడైన ఆమె భర్త 1992లో ఆ సంగతి ప్రచురించారు. ముడతలకు వాడేందుకు అమెరికా అనుమతి 2002లో వచ్చింది.

ఆ తర్వాతి పొరపాట్లన్నీ అత్యాశవే. కనుబొమ్మలను పైకి లేపేది నుదుటి కండరం ఒక్కటే. దాన్ని పూర్తిగా పడుకోబెడితే కనుబొమ్మలు బరువెక్కి కిందికి దిగుతాయి. మధ్యలో వేసి అంచులు వదిలేస్తే తోకలు లేచి నాటకంలో విలన్ వాలకం వస్తుంది. కంటి పక్క గీతలన్నీ చెరిపేస్తే డ్యుషేన్ చెప్పిన నవ్వే పోతుంది. పనితనం ఉన్న డాక్టరు ముందు నవ్వమంటాడు, బొమలు ముడవమంటాడు, కదిలినచోట పెన్సిల్‌తో చుక్కలు పెడతాడు. తక్కువే వేసి, రెండు వారాలాగి చూసి, కావాలంటే ఇంకో చుక్క కలుపుతాడు. ఎలాగూ మూడు నాలుగు నెలల్లో ప్రభావం దిగిపోతుంది.

ముడతలను నింపే ఫిల్లర్ల ప్రమాదం వేరు. 2003లో అమెరికా అనుమతించిన రెస్టిలేన్ వంటి హయలురోనిక్ యాసిడ్ జెల్‌ను ఎంజైమ్‌తో కరిగించవచ్చు. కానీ అది పొరపాటున రక్తనాళంలోకి పోతే చర్మం చచ్చుబడొచ్చు, చూపే పోవచ్చు. కనుబొమ్మల మధ్య, ముక్కు మీద ఈ భయం మరీ ఎక్కువ. హైదరాబాద్‌లోనైనా, డాలస్‌లోనైనా సిరంజి ధర అడిగేముందు ఆ ఎంజైమ్ చేతికందేంత దగ్గర్లో ఉంచారా అని అడగాలి.