చీలమండ దగ్గరి రెండో తుపాకీ

అమీర్‌పేట దాటి ఎర్రగడ్డ వైపు వెళ్తుంటే ఎస్సార్‌నగర్ కూడలిలో ఐపీఎస్ అధికారి చదలవాడ ఉమేశ్‌చంద్ర విగ్రహం కనిపిస్తుంది. 1999 సెప్టెంబర్ 4న ఇక్కడే, సిగ్నల్ దగ్గర ఆగిన ఆయన కారుపై నక్సలైట్లు కాల్పులు జరిపారు. గన్‌మన్, డ్రైవర్ బలయ్యారు. ఉమేశ్‌చంద్ర కారు దిగి హంతకులను తరిమారు. కానీ ఆయన దగ్గర ఆయుధం లేదు. అది గమనించి వాళ్లు వెనక్కి తిరిగి కాల్చారు. అంతకు ఆరేళ్ల ముందు, 1993 జనవరి 27న, నక్సలైట్లను ఎదుర్కొనే ప్రత్యేక పోలీసు దళం గ్రేహౌండ్స్ స్థాపకుడు కె.ఎస్. వ్యాస్ వ్యాయామానికి వెళ్లి ఎల్బీ స్టేడియంలో నక్సలైట్ల తూటాలకే ప్రాణాలొదిలారు.

ఒంటి మీద ఆయుధం ఎప్పుడూ ఉండాలంటే ఎక్కడ ఉండాలి? పోలీసులను ఎన్నాళ్లుగానో వేధిస్తున్న ఈ ప్రశ్నకు దొరికిన జవాబుల్లో యాంకిల్ హోల్‌స్టర్, అంటే చీలమండకు కట్టుకునే తుపాకీ ఒర, ఒకటి. ఉమేశ్‌చంద్ర కాలికి అది ఉంటే ఆ రోజు ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు.

కాలి దగ్గర ఆయుధం దాచుకోవడం పాత అలవాటే. స్కాట్లాండ్ వాళ్లు మేజోడులో చురకత్తి దోపుకునేవారు. 19వ శతాబ్దపు అమెరికాలో డెరింజర్ అనే బుల్లి పిస్తోలు బూటులో దూరేది. మన హైదరాబాద్‌లో తీరు వేరు. నిజాం కొలువులోని అరబ్బు సైనికులు జంబియా అనే వంకర బాకును నడుముకు, నలుగురికీ కనిపించేలా కట్టుకునేవారు.

ఇప్పుడు మనం చూసే కాలి ఒర రూపుదిద్దుకోవడానికి రెండు విషయాలు తోడ్పడ్డాయి. మొదటిది పొట్టి గొట్టం రివాల్వర్. 1927లో కోల్ట్ డిటెక్టివ్ స్పెషల్, 1950లో స్మిత్ అండ్ వెసన్ చీఫ్స్ స్పెషల్ వచ్చాయి. వాటిని అమెరికా డిటెక్టివ్‌లు రెండో తుపాకీగా దగ్గర ఉంచుకున్నారు. రెండోది వెల్‌క్రో. కుక్క బొచ్చుకు అంటుకున్న ముళ్లకాయలను పరీక్షగా చూసిన స్విస్ ఇంజినీరు జార్జ్ డి మెస్ట్రల్‌కు 1955లో దానిపై పేటెంట్ దక్కింది. దాంతో తోలు పట్టీ, బకిలు బాధ తప్పి, పట్టీని కాలి లావుకు తగ్గట్టు బిగించుకునే వీలు కలిగింది.

కుడిచేతి వాటం వాళ్లు దీన్ని ఎడమకాలికి లోపలివైపు కడతారు. మోకాలు వంచి, ఒక చేత్తో ప్యాంటు పైకి లాగి, రెండో చేత్తో తీయాలి. పరుగెత్తుతూ తీయడం కుదరని పని. కారులో కూర్చున్నప్పుడు మాత్రం నడుము దగ్గరి తుపాకీ కంటే ఇదే సులువుగా అందుతుంది. బరువే అసలు చిక్కు. కాన్పూర్‌లో తయారై 2014లో వచ్చిన .32 నిర్భీక్ రివాల్వర్ అరకిలో ఉంటుంది. ఒక కాలికే అంత బరువు వేలాడితే సాయంత్రానికి పిక్క పీకేస్తుంది. పిక్క పైన ఇంకో పట్టీ ఉంటే ఒర జారదు. లోపల పొడుగు మేజోడు తప్పనిసరి. మన ఎండాకాలపు చెమట చర్మాన్ని ఒరుస్తుంది, ఉక్కును తుప్పు పట్టిస్తుంది. ట్రిగ్గర్ పూర్తిగా కప్పని ఒర ఎంత మెత్తగా ఉన్నా కొనకూడదు. బైకు మీద తిరిగేవాళ్లకు ఇది అసలు నప్పదని నా అభిప్రాయం. గేరు వేసేది ఆ ఎడమకాలితోనే కదా!

ప్యాంటు సంగతీ ఉంది. 1970ల నాటి బెల్‌బాటమ్ కింద ఏదైనా దాగేది. ఇవాళ అమీర్‌పేట దుకాణాల్లో వేలాడే బిగుతు జీన్స్ కింద ఉబ్బెత్తు ఇట్టే తెలిసిపోతుంది.

చట్టం కూడా దాచమనే అంటుంది. 2016 ఆయుధ నియమాల ప్రకారం బహిరంగ ప్రదేశంలో చేతి తుపాకీని ఒరలోనో తగిన సంచిలోనో, పూర్తిగా కప్పి, తన అదుపులో ఉంచుకునే తీసుకెళ్లాలి. బయటికి తీసి ఊపడం నిషేధం. హైదరాబాద్‌లో లైసెన్సు ఇచ్చేది పోలీసు కమిషనర్.

కాలి ఒర పుట్టింది రెండో తుపాకీ కోసం, అదీ రోజూ సాధన చేసేవాళ్ల కోసం. లైసెన్సున్న మామూలు పౌరుడికి నడుము ఒరే మేలు. కాలికే కట్టుకుంటానంటే, ముందు ఖాళీ తుపాకీతో ఇంట్లో కొన్నాళ్లు నడిచి, కూర్చుని, మెట్లెక్కి చూడండి.