శ్రీహరికోట: యానాదుల అడవి నుంచి రాకెట్ కేంద్రం దాకా

పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న ఇసుక దీవి శ్రీహరికోట. అక్కడి యానాదులు తేనె, దుంపలు, మూలికలు సేకరించుకుంటూ బతికేవారు. ఒకప్పుడు మద్రాసుకు వంటచెరకు పంపిన ఆ అడవిని 1969లో రాకెట్ కేంద్రం కోసం ఎంపిక చేశారు. తూర్పున అంతా సముద్రమే కనుక గురితప్పిన రాకెట్ జనం మీద పడే ప్రమాదం తక్కువ. పైగా భూభ్రమణ వేగం ఆ అక్షాంశం దగ్గర సెకనుకు సుమారు 450 మీటర్లు. తూర్పుకు ఎగిరే రాకెట్‌కు అది ఉచితంగా కలిసొస్తుంది. దీవిని ఖాళీ చేయాల్సి వచ్చిన యానాదులకు మాత్రం కలిసొచ్చిందేమీ లేదు.

1971 అక్టోబర్ 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్‌తో ప్రయోగాలు మొదలయ్యాయి. 1979 ఆగస్టు 10న తొలి ఎస్‌ఎల్‌వి-3 రెండో దశ నియంత్రణ వ్యవస్థ దెబ్బతిని సముద్రంలో కూలింది. ఏడాది తిరక్కుండానే, 1980 జులై 18న, అదే నమూనా రాకెట్ 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది.

ఈ చోటుకూ ఒక లోపం ఉంది. ధ్రువ కక్ష్యకు నేరుగా దక్షిణానికి వెళ్దామంటే శ్రీలంక అడ్డం. రాకెట్ దాన్ని తప్పించుకుంటూ దారి మళ్లాలి. ఆ మేరకు మోయగల బరువు తగ్గుతుంది. అయినా పీఎస్‌ఎల్‌వి రాకెట్ 2017 ఫిబ్రవరి 15న ఒకే విడతలో 104 ఉపగ్రహాలను మోసుకెళ్లింది.

2002లో కేంద్రానికి ఇస్రో మాజీ అధ్యక్షుడు సతీష్ ధవన్ పేరు పెట్టారు. మూడు చంద్రయాన్‌లూ, 2013లో మంగళయాన్ ఇక్కడి నుంచే బయల్దేరాయి. 2023 అక్టోబర్ 21న మానవసహిత అంతరిక్ష యాత్ర గగన్‌యాన్ కోసం, ప్రమాదవేళ వ్యోమగాములను రాకెట్ నుంచి తప్పించే ఏర్పాటును ఇక్కడే పరీక్షించారు.